పొగ లేని నిప్పు

నీటిమట్టం గది, కొండ మీద
వాన కాస్త తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం

అత్తా,

క్షేమమని మొదలుపెట్టాలి. నీ దగ్గర నాకా మర్యాదలెందుకు? క్షేమంగానే ఉన్నాను. పొయ్యి లేదు, అంతే.

కొండచరియ విరిగిపడి దారి పోయింది. దాని వెంటే ఏటి మీది చెక్క వంతెన కూడా పోయింది. ఇప్పుడు నేనూ వైర్‌లెస్ ఆపరేటర్ గారూ ఇవతల ఒడ్డున, లోకమంతా అవతల. నడి ఏట్లో నీటి వేగం చూడటానికి మాకొక తాడూ, దాని మీద జారే ఇనుప బుట్టా ఉన్నాయి. టపా అతను విరిగిన దారిలో నడిచి వచ్చి, ఉత్తరాలూ కాస్త బియ్యమూ అందులో వేస్తే మేం లాక్కుంటున్నాం. పాపం, ఒక్కడు. కిరసనాయిలు డబ్బా మోసుకు రమ్మని ఏ నోటితో అడగను? ఉన్న కిరసనాయిలు మొన్నటితో అయిపోయింది.

వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి చూశాను. పైనుంచి వాన, పక్కనుంచి గాలి. దొరికేవన్నీ వేలెడు పుల్లలు. ఒక గిన్నె నీళ్ళు కాగేలోపు నా కళ్ళు ఎర్రగా కాగాయి. ఏటి నీళ్ళు బురదగా ఉన్నాయి, కాచకుండా తాగలేం. ఆపరేటర్ గారికి అసలే జలుబు.

సర్వే జట్ల వెంట తిరిగి డేరాల్లో ఇన్నేళ్ళు వంట చేశావు కదా. ఇక్కడ ఖాళీ డబ్బాలకు మాత్రం కొదవ లేదు. పాలపొడి డబ్బాలు, పళ్ళ డబ్బాలు గది వెనక గుట్టగా ఉన్నాయి. ఒక సుత్తి, పటకారు, తుప్పు పట్టిన రేకు కత్తెర ఉన్నాయి. వీటితో పొయ్యి అవుతుందా?

వైర్‌లెస్ ఉంది కదా, ఆఫీసుకు చెప్పుకోవచ్చుగా అంటావు. చెప్పాను. "దారి బాగు చేస్తున్నారు, ఓపిక పట్టండి" అన్నారు. పొద్దునా సాయంత్రమూ నీటిమట్టం అంకె చెప్పడానికి తప్ప దాన్ని వాడకూడదు. ఆ అంకెను బట్టే కింద ఊళ్ళవాళ్ళు పడుకోవాలో, లేచి పరుగెత్తాలో తెలిసేది. అందుకని వదిలి రావడం కుదరదు.

నాన్నకు చెప్పకు. "నువ్వు ఆ కొండెక్కితే నాకు ఉత్తరం రాయకు" అన్నాడు. రాయడం లేదు. పొయ్యి కూడా లేదని తెలిస్తే గెలిచినట్టు చూస్తాడు.

నీ పిచ్చుక


మిద్దె గది, బస్సు డిపో వెనక వీధి
ఉత్తరం అందిన పూటే

పిచ్చుకా,

అవుతుందా అని అడుగుతావేమే, నీ మొహం! నేను మూడు కొండలు డబ్బా పొయ్యి మీదే దాటాను. జాగ్రత్తగా చదువు. చదువుతూ చెయ్యకు, ముందు మొత్తం చదివి తర్వాత చెయ్యి. నీకా అలవాటు లేదని నాకు తెలుసు.

పెద్ద పాలపొడి డబ్బా ఒకటి, దానిలో వదులుగా ఇమిడే పళ్ళ డబ్బాలు రెండు తీసుకో. పెద్దదాని పక్కన, అడుగు నుంచి రెండు వేళ్ళు పైన, చిన్న డబ్బా మూతి ఆనించి మేకుతో గుండ్రంగా గీత గియ్యి. డబ్బాలో ఒక కర్ర దుంగ దూర్చి, గీత వెంట మేకుతో బెజ్జాలు కొట్టు. దుంగ లేకుండా కొడితే డబ్బా సొట్ట పోతుంది. తర్వాత కత్తెరతో కత్తిరించు. రేకు అంచు కత్తి కంటే పాపిష్టిది, పటకారుతో లోపలికి మడిచేయ్.

ఇప్పుడు ఒక చిన్న డబ్బాకు అడుగు తీసేసి ఆ కంతలోంచి అడ్డంగా దూర్చు. అది పొయ్యి నోరు. రెండోదానికి కూడా అడుగు తీసేసి, పక్కన ఒక కంత కోసి, లోపల నిలువుగా నిలబెట్టు. అది గొంతు. నోరు వెళ్ళి గొంతులో కలవాలి. చుట్టూ ఉన్న ఖాళీలో పొడి బూడిద దట్టంగా కూరు. వేడి బయటికి పోకుండా అదే కాపలా. నోట్లో సగం ఎత్తున ఒక చదును రేకు పెట్టు. రేకు మీద పుల్లలు, రేకు కింద గాలి. గాలి దారిలో పుల్లలు కుక్కావో, పొయ్యి దగ్గుతుంది.

గిన్నెను నేరుగా గొంతు మీద పెట్టకు. నాలుగు మేకులు నిలబెట్టి, వేలెడు ఎత్తున కూర్చోబెట్టు. మొదటిసారి ఊరికే మండించి, డబ్బా లోపలి పూత మాడి వాసన పోయాకే వంట పెట్టు.

మీ నాన్నకు చెప్పలేదు. కానీ టపా వచ్చినప్పుడల్లా వాడికి నా మెట్ల మీద ఏదో పని పడుతోంది. ఇవాళ గడప దగ్గర నిలబడి, "ఏమంటోంది నీ మేనకోడలు?" అన్నాడు. నీ కూతురే కదరా, నా మేనకోడలంటావేమిటి అన్నాను. "నేను అడగలేదు, ఊరికే అన్నా" అని దిగిపోయాడు. వీడు బస్సును వెనక్కి తిప్పగలడు గానీ మాటను తిప్పలేడు.

ఆపరేటర్ గారికి వేడి నీళ్ళు ఎక్కువగా ఇవ్వు.

మీ అత్త


నీటిమట్టం గది
గాలి, వాన

అత్తా,

మండింది!

మొదటి డబ్బాకు కంత పెద్దదై నోరు ఊడి పడింది. రెండోది కుదిరింది. చూపుడు వేలు కోసుకున్నాను, పెద్దదేం కాదు. మడవమన్నావు కదా, ఒక్కచోట మడవలేదు. సరిగ్గా అక్కడే కోసుకుంది. పుల్లలు పెట్టి అంటిస్తే ముందు బుసబుస పొగ. గాలి దారిలో కుక్కకు అన్నావు కదా, కుక్కాను. రెండు పుల్లలు లాగేసరికి లోపల్నించి గుర్రుమని చప్పుడొచ్చి మంట నిలువుగా లేచింది. ఆపరేటర్ గారు దుప్పటి కప్పుకుని వచ్చి చూసి, "ఇదేంటమ్మా, విమానం లేస్తున్నట్టుంది!" అన్నారు. గుప్పెడు పుల్లలతో గిన్నెడు నీళ్ళు కాగాయి. ఇద్దరం వరండాలో కూర్చుని టీ తాగాం. ఎన్నాళ్ళకో!

ఆయన సంగతి కొంత దాచాను, చెబుతాను. జలుబు కాదు, జ్వరం. ఆఫీసుకు చెబుతానంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇంకొద్ది నెలల్లో రిటైరవుతాను. ఇప్పుడు ఒళ్ళు బాగోలేదని తెలిస్తే పనికిరాడని రాసి ఇంటికి పంపుతారు. నేను లేచి కూర్చుంటాలే తల్లీ, ఎవరికీ చెప్పకు." నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. వరండాలో పుల్లలు కూడా నానిపోతున్నాయి. ఏదో ఒకటి చేస్తాం.

పిచ్చుక


మిద్దె గది
ఆదివారం

పిచ్చుకా,

నా పొయ్యి గుర్రుమందని చదివి నేనే ఎగిరి గంతేశాను. ఈ వయసులో గంతేస్తే ఏమవుతుందో నా మోకాలు చెబుతోంది.

ఆయన జ్వరం సంగతి నాకు నచ్చలేదు. మనిషి మిగిలితే కదా రిటైరయ్యేది? ఇంకో రెండు రోజులు చూసి తగ్గకపోతే ఆయన కోపగించుకున్నా సరే ఆఫీసుకు చెప్పు. ఏదో ఒకటి చేస్తాం అన్నావు, ఏం చేస్తారు? వివరంగా రాయి. నువ్వు వివరంగా రాయనప్పుడే నాకు భయం.

అత్త


నీటిమట్టం గది
వాన

అత్తా,

ఏం చేస్తారన్నావు కదా, చేసేశాం. ఇప్పుడు హాయిగా ఉంది.

వెనక కొట్టంలో పాత సామాన్ల కింద ఒక గోనె సంచి నిండా బొగ్గులు దొరికాయి. ఎప్పుడో చిల్లు గిన్నెలకు మాట్లు వేసేవాళ్ళు వదిలి వెళ్ళారట. పుల్లలు నానిపోతుంటే బొగ్గులే మేలని ఆపరేటర్ గారన్నారు. పొయ్యిని గదిలోకే తెచ్చాం. చెక్క నేల కదా, కింద రాతి పలక వేశాను. అంత తెలివితక్కువదాన్నేం కాదు. పొగ బొత్తిగా లేదత్తా. పుల్లలకైతే కళ్ళు మండేవి, దీనికి అదీ లేదు. ఎర్రగా, నిమ్మళంగా, ఇంట్లో పెంపుడు జంతువులా కూర్చుంటుంది. గాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాం. తలుపు కింద గోనె పట్టా దోపాం. గది ఇప్పుడు గూడులా ఉంది.

ఆపరేటర్ గారికి ఒళ్ళు కాలడం తగ్గింది. కానీ లేవడం లేదు. మంచం మీదే ఉంటున్నారు. వాంతులు అవుతున్నాయి. తల బద్దలవుతోందంటారు. మొహం మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. నన్ను నిన్న తన చెల్లెలి పేరుతో పిలిచారు. నాకూ అంటుకున్నట్టుంది, పొద్దున్నుంచీ తలనొప్పి. అంకె చూడటానికి ఏటి మెట్ల దగ్గరికి వెళ్తే కాస్త తగ్గుతుంది, గదిలోకి వచ్చి కూర్చుంటే మళ్ళీ మొదలు. నిద్ర చాలడం లేదేమో. కూర్చున్నచోటే కునుకు పడుతోంది. ఈ ఉత్తరం మొదలుపెట్టింది పొద్దున, ఇప్పుడు ఏ వేళో

నాన్న ఎలా ఉన్నాడు? అడగలేదు, ఊరికే అన్నా.

కిరసనాయిలు అయిపోయింది. అది చెప్పానా?

నీ


మిద్దె గది
వెంటనే

పిచ్చుకా,

ఇది చదువుతూనే లే. తలుపు తియ్యి. కిటికీలో గుడ్డలు పీకెయ్. పొయ్యిని బయట పారెయ్. ఆయన్ని బయటికి లాగు. వానలో తడిసినా ఫర్వాలేదు, లాగు. తర్వాత మిగతాది చదువు.

ఇప్పుడున్నది జ్వరం కాదు. బొగ్గులు. మూసిన గదిలో బొగ్గుల నిప్పు విషం కక్కుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, పొగ ఉండదు. పొగుంటే దగ్గి బయటపడతారు, లేదు కాబట్టే పడుకుని నిద్రపోతారు. ఒక చలికాలం సర్వే జట్టులో ఇద్దరు కొలత గొలుసు లాగేవాళ్ళు డేరా కట్టుదిట్టంగా మూసి, కుంపటి పెట్టుకుని పడుకున్నారు. పొద్దున టీ తీసుకెళ్ళింది నేనే. వాళ్ళ మొహాలూ ఎర్రగా, ఆరోగ్యంగానే ఉన్నాయి.

బయటికి వెళ్తే తలనొప్పి తగ్గుతోందని నువ్వే రాశావు. నీ ప్రాణం నీకు చెబుతూనే ఉంది తల్లీ, నువ్వే వినలేదు.

వరండాలోనే వండుతావనుకుని, లోపల పెట్టకు అన్న ఒక్క ముక్క రాయలేదు నేను.

ఈ ఉత్తరం చేరేదాకా ఆగితే లాభం లేదు. టపాలో వేసి మీ నాన్న దగ్గరికి పోతున్నాను. నీకిచ్చిన మాట తప్పుతున్నాను. తర్వాత ఎంతైనా తిట్టుకో, నువ్వు తిట్టాలనే నా కోరిక.

అత్త


మిద్దె గది
అదే రోజు, దీపాలు పెట్టే వేళ

పిచ్చుకా,

ఈ కాగితం మీ నాన్న జేబులో వస్తోంది. వాడు కింద సంచీ సర్దుకుంటున్నాడు. వాడు లారీ ఎక్కేలోపు, ఇవాళ జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను. నీకు తెలుస్తుందనే రాస్తున్నాను.

డిపోకు పరుగెత్తాను. వాడి బస్సు జనంతో నిండి బయల్దేరబోతోంది. కిటికీ దగ్గర నీ ఉత్తరం ఇచ్చాను. వాడు మొత్తం చదవలేదు. బొగ్గుల దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆపి, దిగిపోయాడు. కండక్టరు వెనకనుంచి "అన్నా, జనం!" అని అరుస్తుంటే, "ఇంకో డ్రైవర్ని ఎక్కించుకో" అన్నాడు. అంతే, ఇద్దరం నీళ్ళ ఆఫీసుకు నడిచాం. నడిచామంటే నా మోకాలు నన్ను తిట్టింది.

అక్కడి అధికారి మంచివాడే, కానీ రూలు మనిషి. "వైర్‌లెస్ సెట్టు సొంత మాటలకు కాదండీ. సాయంత్రం అంకె వచ్చినప్పుడు మావాళ్ళు అడుగుతారు" అన్నాడు. మీ నాన్న ఎగిరిపడతాడని నేను వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్ను లోపలికి రానివ్వకపోయినా సరే సార్. నేను మాట్లాడను. మీరే చెప్పండి. కిటికీ తియ్యమని చెప్పండి చాలు" అన్నాడు. వాడి గొంతు అలా ఉండటం మా అమ్మ పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇవాళ.

అప్పుడు సెట్టు దగ్గర కూర్చునే అమ్మాయి లేచి వచ్చింది. "సార్, పొద్దున ఆవిడ నిన్నటి అంకే చెప్పింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పింది. నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. నేను మీకు చెబుదామనుకుంటూనే ఉన్నాను." అధికారి మొహం మారిపోయింది. తనే తలుపు తెరిచాడు.

ఆ అమ్మాయి పిలిచింది. పిలిచింది. పిలుస్తూనే ఉంది. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి నీ గొంతు వచ్చింది పిచ్చుకా. "నీటిమట్టం గది" అన్నావు. తర్వాత ఏమీ అనలేదు. మీ నాన్న ఆ మైకు లాక్కుని, "అమ్మా, నేను. కిటికీ తియ్యి" అన్నాడు. నువ్వేమన్నావో గుర్తుందా? "మా నాన్న ఇక్కడ ఉండడండీ. మాకు మాటల్లేవు" అన్నావు. ఎంతో మర్యాదగా, కొత్తవాళ్ళకు చెప్పినట్టు.

వాడు ఆపలేదు. "తలుపు తియ్యవే, తలుపు తియ్యమ్మా, తలుపు తియ్యి" అని అంటూనే ఉన్నాడు. మైకుకు ఒక బొత్తాం ఉంటుందట, అది నొక్కి ఉంచితే అవతలి మాట వినబడదట. వాడు బిగించిన వేలు వదల్లేదు. ఆ అమ్మాయి రెండు చేతులతో వాడి వేలు పెకలించింది. అప్పటికి అటువైపు ఏమీ లేదు. గరగర కూడా లేదు. నువ్వు విన్నావో లేదో, బదులిచ్చావో లేదో మాకెవరికీ తెలియదు.

ఇంకా పిలుస్తున్నారు. నువ్వు పలకలేదు. తాళ్ళూ మనుషులనూ తెల్లవారగానే పంపుతామన్నారు. వీడు ఆగడు. దారి విరిగిన దాకా ఒక లారీ వెళ్తోంది, అక్కడినుంచి నడుస్తానంటున్నాడు.

హారను కొడుతున్నారు. పిల్లా

అత్త


నీటిమట్టం గది, వరండాలోంచి
ఎండ లేదు, వానా లేదు

అత్తా,

ఉన్నాను. ముందు అది చదువుకో, ఊపిరి పీల్చుకో. ఆఫీసువాళ్ళు నీకు కబురు చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తే తప్ప నువ్వు నమ్మవు.

నీ రెండు ఉత్తరాలూ బుట్టలో ఒకేసారి అందాయి. టపాలో వేసింది కూడా నాన్నే దారిలో టపా అతని దగ్గర తీసుకున్నాడట. "ఇది చదువుతూనే లే" అన్నావు. నేను చదివే స్థితిలో ఉండేదాన్ని కాదు.

నాకు గుర్తున్నంత చెబుతాను. సెట్టు మోగుతుంటే చాలా దూరంలో ఎవరింట్లోనో మోగుతోందనుకున్నాను. కాళ్ళు నావి కానట్టున్నాయి. ఏమి మాట్లాడానో తెలియదు. నాన్నతో నువ్వు రాసిన ఆ మాట అన్నానా? తర్వాత మాత్రం నాన్న గొంతు బాగా వినిపించింది. తలుపు తియ్యి, తలుపు తియ్యి అని. సెట్టులోంచి అని తోచలేదత్తా. వాకిట్లో నిలబడి తలుపు కొడుతున్నాడనుకున్నాను. వానలో అంత దూరం వచ్చాడు, తియ్యకపోతే ఎంత తిడతాడో అనిపించింది. అంతే, లేచాను. సెట్టు తీగ కాలికి చుట్టుకుని బ్యాటరీ ఊడిపోయింది. అందుకే మీకేమీ వినబడలేదు. గోనె పట్టా అడ్డం పడి తలుపు రాలేదు. నాన్న అవతల ఉన్నాడు కదా అని ఒళ్ళంతా వేసి లాగాను. తెరుచుకుంది.

వాకిట్లో ఎవరూ లేరు. వాన ఒక్కటే. అక్కడే పడిపోయాను.

మొహం మీద చల్లగా నీళ్ళు పడుతూ ఉంటే కొంతసేపటికి తెలివొచ్చింది. వాంతి చేసుకున్నాను. నాన్న ఏడీ అని వెతికాను, నవ్వకు. అప్పుడు లోపల మంచం మీద ఆపరేటర్ గారి చెయ్యి వేలాడుతూ కనబడింది. మోకాళ్ళ మీద వెళ్ళి పొయ్యిని కట్టెతో బయటికి దొర్లించాను. ఆయన్ని దుప్పటితో సహా లాగాను. మనిషి ఇంత బరువుంటాడని ఎప్పుడూ అనుకోలేదు. గడప దగ్గర ఇరుక్కుపోతే ఆయన్ని తిట్టాను, నోటికొచ్చినట్టల్లా తిట్టాను. చివరికి ఆయన మూలిగారు. అంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

వెలుగొచ్చాక బ్యాటరీ తగిలించి ఆఫీసును పిలిచాను. అవతలి అమ్మాయి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "అంకె చెప్పండి" అంది. చూసి వచ్చి సరైన అంకె చెప్పాను. ఏరు పెరుగుతోంది.

తాళ్ళవాళ్ళు వచ్చేసరికి నాన్న వాళ్ళ కంటే ముందే అవతలి ఒడ్డున ఉన్నాడు. అప్పటికి నేను బతికున్నానని తనకు తెలియదత్తా. దారిలో ఎవరు చెబుతారు? నేను నీళ్ళ కోసం మెట్లు దిగుతుంటే అవతల ఒక మనిషి మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కూర్చుండిపోయాడు. బండ మీదా కాదు, బురదలోనే. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

తాళ్ళవాళ్ళు ఇద్దరు ఇటు దాటి, ఆపరేటర్ గారిని చెక్క పలకకు కట్టి రెండు తాళ్ళ మీద దాటించారు. అవతల తాడు పట్టినవాళ్ళలో నాన్న కూడా ఉన్నాడు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. కానీ చెయ్యి వణుకుతోంది, నేనెవరో తెలియలేదు. డాక్టరు మెల్లగా బాగవుతుందన్నాడని తర్వాత సెట్టులో చెప్పారు. పూర్తిగానా అంటే చెప్పలేనన్నాడట. ఎవరికీ చెప్పొద్దన్న ఆయన మాట వినకుండా ఉండాల్సింది. ఆ తప్పు ఇక నాతోనే ఉంటుంది.

నన్నూ వచ్చెయ్యమన్నారు. ఏరు పెరుగుతుంటే అంకె ఎవరు చూస్తారు? ఇంకొకరు వచ్చేదాకా ఉంటానన్నాను. జట్టు పెద్ద అవతల నాన్నకు ఆ మాట చెప్పడం కనబడింది. నాన్న చేతులు ఊపాడు, తల కొట్టుకున్నాడు, తాళ్ళు అప్పటికే విప్పేశారని బుట్టెక్కబోయాడు. వాళ్ళు పట్టుకుని దింపారు. అది మనిషి బరువు ఆపదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. ఏటి హోరులో ఒక్క ముక్క వినబడలేదు. నేనూ అరిచాను. నాదీ వినబడి ఉండదు.

అప్పుడు నాన్న ఊరుకున్నాడు. మా గది వైపు చూపించాడు. చేతులతో కిటికీ రెక్కలు తెరిచినట్టు చేశాడు. తర్వాత గిన్నెలో గరిటె తిప్పినట్టు చేసి, వేలితో బయట, బయట అని నేలను చూపించాడు. మళ్ళీ అదే. మూగవాళ్ళ ఆటలా ఉంది. తాళ్ళవాళ్ళు నవ్వుతున్నారు, తను పట్టించుకోలేదు.

నేను వెళ్ళి కిటికీలు రెండూ తెరిచాను. తలుపుకు రాయి అడ్డం పెట్టాను. బురదలో పడి ఉన్న పొయ్యిని తెచ్చి, సొట్ట సుత్తితో సరిచేసి, నాన్నకు కనబడేలా వరండా బయట చూరు కింద పెట్టాను. కొట్టంలో ఆరిన పుల్లలు కొన్ని ఉన్నాయి. చాలాసేపు పొగే వచ్చింది. ఎప్పుడూ పొగను చూసి అంత ధైర్యం రాలేదు. తర్వాత గుర్రుమంది. గిన్నె పెట్టాను.

తాళ్ళవాళ్ళు స్ట్రెచరెత్తుకుని బయల్దేరారు, నాన్నను కేకేశారు. తను రాలేదు. ఈసారి ఒక బండ వెతుక్కుని కూర్చున్నాడు. నీళ్ళు మరిగి ఆవిరి లేచేదాకా అక్కడే కూర్చుని చూశాడు.

పిచ్చుక